రాణి తోడని చెలిమె

శివరాత్రితో చలి శివశివా అంటూ పోయిన వారం రోజులకు, హనుమకొండలో మా ఇంటి గేటు ముందు ఒక ఆటో ఆగింది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని పక్కింటి పెద్దమనిషికి మా తాత కథ చెబుతున్నాను. మా తాత కాలు విరిగిన ఎద్దును భుజం మీద వేసుకుని వరద వాగు దాటాడన్నది ఆ కథ. మామూలుగా ఒక్క ఎద్దుతో ఆపుతాను. ఆరోజు వినేవాడు మరీ నోరు తెరుచుకుని వింటున్నాడు గనక రెండో ఎద్దును రెండో భుజం మీదికి ఎక్కించాను. సరిగ్గా అప్పుడే ఆటో దిగిన మనిషి గేటు పట్టుకుని, "బండి గూడ ఎత్తుకున్నడని చెప్పు తమ్మీ. పాపం, బండినెందుకు ఇడిసిపెట్టినవ్?" అంది.

మేరక్క. మా ఊరి వాగు అవతలి వాడ బిడ్డ. నాకంటే మూడేళ్లు పెద్ద. బావ రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. కాజీపేటలో చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉంటున్నారు. చిన్నప్పుడు నా మాటలు నమ్మని మనిషి ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే. నేను ‘నిజంగా’ అని మొదలుపెడితే చాలు, ‘ఇగ మొదలువెట్టిండు ఎచ్చులోడు’ అని కొంగు దులుపుకుని లేచిపోయేది. పక్కింటాయన మర్యాదగా సెలవు తీసుకున్నాడు. మేరక్క లోపలికి వచ్చి కూచుని, నేనిచ్చిన నీళ్లు తాగి, భుజానికున్న సంచి ఒళ్లో పెట్టుకుంది.

"అవ్వ పోయింది తమ్మీ. క్రిస్మస్ అయినంక నాలుగొద్దులకు." మా వైపు అవ్వ అంటే అమ్మ.

"అయ్యో! నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏం జేస్తువు? సమాధి కాడ నిలవడి మా అవ్వ గూడ ఎద్దును ఎత్తుకున్నదని చెప్తువు."

నవ్వింది. నేనూ నవ్వబోయాను గాని, అప్పటికే ఆమె సంచిలోంచి ఒక వస్తువు తీసి టీపాయి మీద పెట్టింది. అది ఎండిన ఆనపకాయ బుర్ర. ఒకవైపు కోసి, అంచు అరగదీసి, నీళ్లు తోడుకునేందుకు చేసుకున్నది. వాడీ వాడీ గోధుమ రంగు తిరిగి, లోపల నునుపుగా అద్దంలా మెరుస్తోంది. నలభై ఏళ్ల కింద ఆ బుర్రను నేనొకసారి చేత్తో పట్టుకున్నాను. ఆ చేతినే ఇప్పుడు మేరక్క ముందు ఒళ్లో దాచుకున్నాను.

"ఊళ్లె పోరగాండ్లు వాగు మీద రాయి నిలవెడ్తాండ్లట గదా. రాణి చెలిమె అని. కార్డు మీద నీ పేరే పెద్దగున్నది."

అవును. నేనే ముఖ్య అతిథిని. కార్డు ఇవ్వడానికి వచ్చిన కుర్రాళ్లకు టీ ఇప్పించి, ఆ రాణి కథను ఇంకో పావుగంట సాగదీసి పంపింది నేనే.

"నేనొక్కటే అడుగుతాన తమ్మీ. రాణి పేరు తీసెయ్యమంటలేను. ఉండనీ. ఆమె కింద జర జాగ ఉంటే, సన్నగ, మా అవ్వ పేరు రాయించు. రూతమ్మ అని. మూడే అక్షరాలు."

నేను గోడమీది క్యాలెండరును చూస్తూ కూచున్నాను. అందులో ఏ నెల ఉందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

చెలిమె అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. ఎండాకాలం వాగు ఎండిపోయినట్టు కనబడుతుంది గాని ఎండదు. పైన ఇసుక మెరుస్తుంటుంది, కింద నీళ్లు నడుస్తుంటాయి. ఆ ఇసుకను మోకాలి లోతో, నడుము లోతో తోడితే అడుగున చెమ్మ కనబడుతుంది. చెమ్మ చుక్కలవుతుంది, చుక్కలు దోసెడవుతాయి. కూలిపోకుండా నడుమ తొలిచిన తాటిమొద్దు దింపితే అది వేసంగి మొత్తం ఊరుతూ ఉంటుంది. అదే చెలిమె. చెలమ అని కూడా రాస్తారు. ఇసుకలో తీసిన నీటి గుంట అని అర్థం చెబితే తప్పు కాదు గాని, అది పెళ్లంటే ఇద్దరు మనుషులు పక్కపక్కన కూచోవడం అన్నట్టుగా ఉంటుంది. ఆ మాటకు మూలమేమిటో, ఎక్కడ పుట్టి మా వాగు దాకా ఎట్లా నడిచి వచ్చిందో పండితులు చెప్పాలి. నాకు తెలిసిందల్లా మా వాగులో ఒక్కొక్క చెలిమెకు పేరెట్లా వచ్చేదో అది.

మా ఊళ్లో గుట్టకో కుంటకో పేరుంటే, అది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చెలిమె సంగతి అట్లా కాదు. వానాకాలం వాగు వచ్చి దాన్ని ఆనవాలు లేకుండా పూడ్చిపోతుంది. మళ్లీ ఏడు మళ్లీ తోడాలి. అందుకని తోడినవాళ్ల పేరే దానికి. అయితే ఊరికే వచ్చేది కాదు ఆ పేరు. మొదటి మూడు బుర్రల నీళ్లు తోడి ఇసుకకే పోయాలి. ఊట తేటపడ్డాక నాలుగో బుర్రను తోడినవాళ్లు అందరి ముందర తాగి చూపించాలి. నీళ్లు మంచివనడానికి అదే పూచీ. అప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లు "ఎవరి చెలిమె?" అని అడగాలి. తోడినవాళ్లు తమ పేరు చెప్పాలి. ఆ తర్వాతే ఎవరైనా బిందె ముంచాలి. వాగు మలుపులో రూతమ్మ అట్లా ఎన్నేళ్లు పేరు చెప్పుకుందో నాకు లెక్క తెలియదు. నాకు ఊహ తెలిసేనాటికే అది రూతమ్మ చెలిమె.

ఎక్కడ తోడాలో తెలియడమే విద్య. మిగతావాళ్లు పార తీసుకుని పోయి ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ గుంత తీసి, బురదో ఉప్పునీళ్లో తెచ్చుకునేవాళ్లు. రూతమ్మ పారతో పోయేది కాదు. తెల్లవారక ముందే ఉత్త కాళ్లతో వాగులో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు నడిచేది. ‘ఇసుక కాలికి చెప్తది’ అనేది. ఎక్కడ అరికాలు సల్లగా జివ్వుమంటుందో అక్కడ ఆగి, బొటనవేలితో ఒక గీత గీసేది. తోక ఆడించుకుంటూ తిరిగే చిన్న పిట్ట పొద్దెక్కాక అక్కడికే వచ్చి వాలిందంటే ఇక తిరుగులేదు. నల్లగా, ఎత్తుగా, ఎముకలు బయటికి కనబడే మనిషి. కోపం రాదు, గట్టిగా మాట్లాడదు. తోడుతున్నంతసేపూ గొంతులోనే ఏదో ప్రార్థన పాట నడుస్తుండేది. మోచేతుల దాకా తడి ఇసుక అంటుకుని, ఎండ పడితే ఆ చేతులు మిలమిల మెరిసేవి.

మా ఇల్లు ఊరి నడుమ. ఇంటి వెనక చేదబావి ఉండేది గాని, మాఘం దాటితే దాని నీళ్లు ఉప్పెక్కేవి. ఆ నీళ్లలో కందిపప్పు పొద్దంతా ఉడికినా గింజ గింజగానే ఉండేది. మా నాయనమ్మ పొయ్యి ముందు కూచుని, చుట్ట కాలుస్తూ, తెడ్డుతో ఒక పప్పు గింజను పైకి తీసి, రెండు వేళ్ల నడుమ నలిపి చూసి, నలగకపోతే మొత్తం ఇంటిని తిట్టేది. "గీ బాయి నీళ్లల్ల పప్పు ఉడుకుడు, మీ తాత నా మాట వినుడు, రెండూ ఒక్కటే" అనేది. అందుకని వేసంగి మొదలైందంటే మా అవ్వా, మా వాడకట్టు ఆడవాళ్లూ తెల్లవారుజామున ఇత్తడి బిందెలు పట్టుకుని వాగుకు పోయేవాళ్లు. తడి ఇసుక వాసన, బిందెకు తోమిన చింతపండు వాసన, నాయనమ్మ చుట్ట వాసన, వీటన్నిటి మీదుగా మెత్తగా ఉడికిన పప్పులో పడ్డ ఎల్లిపాయ తాలింపు వాసన. నా చిన్ననాటి ఎండాకాలమంటే నా ముక్కుకు అదే. రెండు కట్టెలు కాలేలోపు పప్పు వెన్నయ్యేది. మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్కలో ఆ పప్పు పోసుకుని తింటుంటే నాయనమ్మ నిండుగా పొగ వదిలి, "నీళ్లంటే నీళ్లు" అనేది. ఎవరి నీళ్లో అనేది కాదు.

ఆ ‘ఎవరి’ అన్న మాట మా ఇంట్లో వినబడేది కాదు. వాగు నీళ్లు అనేవాళ్లం. బిందె గడప దాటేముందు నాయనమ్మ అందులో చిటికెడు పసుపు వేసేది, అంతటితో అవి మా నీళ్లయిపోయేవి. రూతమ్మ మా చేన్లో కలుపుకు వచ్చేది. మధ్యాహ్నం దాహమై మా ఇంటికొస్తే పశువుల కొట్టం పక్కన నిలబడి దోసిలి పట్టేది. మా అవ్వ అదే బిందెలోంచి చెంబుతో పైనుంచి పోసేది. తను తోడిన నీళ్లను తన దోసిట్లోకి జానెడు ఎత్తు నుంచి పోస్తుంటే ఆ మనిషి తలవంచుకుని తాగేది. ఇది నేను రోజూ చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. అబద్ధాలు అల్లడానికి అంత తెలివి ఉన్నవాడికి ఈ ఒక్కటి తట్టకపోవడమేమిటని ఈ మధ్య చాలాసార్లు నన్ను నేను అడుగుతున్నాను.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా తిరిగే వేసవిలో ఊరికి ఒక సారు వచ్చాడు. పాలకుర్తి రోడ్డు మీద బస్సు దిగి, భుజాన సంచీ, చేతిలో టేప్ రికార్డరుతో నడిచి వచ్చాడు. భూమికి జనం ఏ ఏ పేర్లు పెట్టుకున్నారో, ఆ మాటలకు అర్థమేమిటో, ఎట్లా పుట్టాయో రాసుకోవడం ఆయన పని. ఊరు ఆయనకు ‘మాటల సారు’ అని పేరు పెట్టింది. మొదటిరోజు ఒక ముసలాయన, "గుట్టను గుట్ట అనక ఏమంటరు సారూ, మీ పట్నంల మామిడిచెట్టు అంటరా?" అని అడిగాడు. సారు కోపగించుకోలేదు, ఆ ప్రశ్నను కూడా రాసుకున్నాడు. మంచి మనిషి. మా బాపు ఆయనకు తోడుగా నన్ను పంపాడు. మూడు రోజులు ఆయనతో తిరిగాను. నేల మీద పరుచుకున్న రాతిని పరుపుబండ అంటామని, చెరువు లోపలి భూమిని శిఖమంటామని, గుట్టల నడుమ నుంచి దిగే సన్నటి పాయను ఒర్రె అంటామని చెప్పాను. అవన్నీ నిజాలే. మూడు రోజులు వరసగా నిజాలు చెప్పడం నా బతుకులో అదే మొదలు. నాలుకకు దురద పుట్టి ఉంటుంది.

నాలుగో పొద్దున వాగు మలుపుకు పోయాం. ఎండలు ముదిరి నీళ్లు కిందికి జారితే రూతమ్మ అదేరోజు కొత్తగా తోడుతోంది. పక్కన మేరక్క ఇసుక ఎత్తి పోస్తోంది. ఒడ్డున మా అవ్వతో సహా ఏడెనిమిది మంది ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూచున్నారు. మూడు బుర్రలు పారబోయడం అయిపోయింది. ఊట తేటపడింది. రూతమ్మ నాలుగో బుర్ర ముంచి పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. సారు ఒడ్డు దిగుతూ, "తల్లీ, గొంతు ఎండిపోయింది. కొంచెం నీళ్లు" అన్నాడు.

నేను ఒక్క దూకు దూకి, రూతమ్మ చేతిలోంచి బుర్ర తీసుకుని ఆయన చేతికిచ్చాను.

ఆయన కళ్లు మూసుకుని గటగటా తాగి, "అమృతం" అన్నాడు. బుర్ర తిరగేసి చుక్కలు దులిపి, టేప్ రికార్డరు మీట నొక్కి, మా ఊరి పద్ధతి ఏమాత్రం తెలియని ఆ మనిషి సరిగ్గా అడగాల్సిన మాటే అడిగాడు.

"ఇది ఎవరి చెలిమె?"

రూతమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నేను మాట్లాడాను.

చిలిపితనం కొద్దీ చేశానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. మా ఊరి చెవిన పడని సభల్లో, పెళ్లిళ్లలో, రైళ్లలో ఈ ఘట్టాన్ని నవ్విస్తూ చెప్పాను. అది చిలిపితనం కాదు. ఆ సారు ఎవరో, నీళ్లు తోడిందెవరో తెలిస్తే ఏమనుకుంటాడో నాకు తెలియదు. ఆయన ఏమీ అనుకునే మనిషి కాడని కూడా ఇప్పుడనిపిస్తుంది. నా భయమల్లా ఒకటే. రూతమ్మ పేరు చెబితే, ఊరి నడుమ ఇంటివాళ్లం మేము ఎవరి చేతి నీళ్లు తాగి బతుకుతున్నామో ఆ యంత్రంలోకి ఎక్కుతుంది. మా ఇంట్లో పసుపు వేసి దాచిన మాట అచ్చులోకి వస్తుంది. అదీ సంగతి. అందుకని ఓరుగల్లు కోటలోంచి ఒక రాణిని లాక్కొచ్చాను. పేరు లేని రాణి. యుద్ధం నుంచి తిరిగొస్తుంటే ఆమె గుర్రం సరిగ్గా ఈ మలుపులో ముంగాళ్ల మీద కూలబడింది. రాణి దిగి కత్తితో ఇసుక తోడింది. నీళ్లు పడ్డాయి. గుర్రానికి ముందు తాగించి, తర్వాత తను తాగి, ‘ఎండాకాలం ఈ ఊరికి దాహం ఉండకూడదు’ అని వరమిచ్చింది. అందుకే దీన్ని రాణి చెలిమె అంటాం సార్.

ఒడ్డున ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా అవ్వ నవ్వలేదు, కాదనీ అనలేదు. సారు రూతమ్మ వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

ఆమె నన్ను చూసింది. నా చెవులు ఎట్లా ఎర్రబడ్డాయో చూసి ఉంటుంది. చిన్నగా నవ్వింది.

"నిజమే సారూ. గా రాణిని నేను సూసిన. నా లెక్కనే నల్లగుండె. మోచేతుల దాక ఇసుకుండె."

సారు పకపకా నవ్వాడు, మంచి మాటకారి అనుకున్నాడు. రూతమ్మ బుర్ర అందుకుని అవతలి ఒడ్డెక్కి వెళ్లిపోయింది. మేరక్క మాత్రం ఇసుక గంప చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, నాకొక్కడికే వినబడేటట్టు, "మా అవ్వ ఇంక తాగనేలేదు రా" అంది.

ఏడాదిన్నరకు ఆ సారు పుస్తకం పోస్టులో వచ్చింది. చెలిమె అనే మాట దగ్గర రాణి కథ మొత్తం ఉంది. చివర, చెప్పినవారు అని నా పేరు, మా ఊరి పేరు. మా వంశంలో అచ్చులోకి ఎక్కిన మొదటి పేరు అదే. బాపు దాన్ని పట్టుబట్టలో చుట్టి పెట్టి, వచ్చిన ప్రతివాడికీ విప్పి చూపించేవాడు. ఆశ్చర్యమేమిటంటే, ఆరోజు ఒడ్డున కూచుని నవ్విన ఆడవాళ్లే మెల్లగా నమ్మడం మొదలుపెట్టారు. ‘పుస్తకంల ఉన్నదట’ అన్నారు. తర్వాత వచ్చిన వేసంగికి మలుపు దగ్గర ఎవరో ఒక రాయి పెట్టి పసుపు కుంకుమ పూశారు. రూతమ్మ బుర్ర తీసుకుని వస్తే ఊరి పెద్దమనిషి ఒకాయన అడ్డంగా నిలబడి, "రాణి తోడిన జాగల చెయ్యి పెట్టద్దు రూతమ్మా. కిందికి పోయి తోడుకో, నీకేం కొదువ" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె గుంపులో నన్ను వెతికి పట్టుకుని చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. ‘చెప్పు బిడ్డా’ అన్నట్టుగా ఉంది. నేను నా కాలి వేళ్లను చూసుకున్నాను.

కింద ఆమె ఎంత తోడినా ఉప్పునీళ్లే పడ్డాయి. మలుపులో తోడే విద్య ఇంకెవరికీ లేదు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో పప్పు ఉడకలేదు. ఇంట్లో అందరికంటే ముందు నన్ను పట్టుకున్నది నాయనమ్మ. పప్పు గింజను వేళ్ల నడుమ నలిపి, నలగక, నా కంచంలోకి విసిరి, "రాణి గాదు, ఆమె మొగడు రాజొచ్చి తోడినా గీ పప్పు ఉడుకది. తిను. నువ్వు జేసిన పనికి నీకు పచ్చిపప్పే" అంది. అంతే తప్ప, పోయి ఊళ్లో నిజం చెప్పమని ఆమె కూడా అనలేదు. రెండేళ్లకు రూతమ్మ కుటుంబం కాజీపేటకు వెళ్లిపోయింది. కూలి బాగా దొరుకుతుందని పోయారని అందరూ అన్నారు. ఆ ‘అందరూ’ అనే మాట వెనక నేను చాలా ఏళ్లు దాక్కున్నాను.

మేరక్క వచ్చిపోయిన రోజే ఆ కుర్రాళ్లకు ఫోను చేశాను. "రాయి చెక్కుడు అయిపోయింది సార్, ఇప్పుడు అక్షరం పట్టది. అయినా రూతమ్మ ఎవరు సార్?" అన్నాడు వాళ్ల నాయకుడు. ఇరవై రెండేళ్లుంటాయి, మర్యాదస్తుడు. సభలోనే చెబుతానులే అని పెట్టేశాను.

సభ బాగా జరిగింది. వాగు మీద వంతెన పక్కన షామియానా, మైకు, నల్లరాతి ఫలకం, దాని మీద గుర్రం బొమ్మ. మేరక్క చివరి వరసలో సంచి ఒళ్లో పెట్టుకుని కూచుంది. నేను మైకు ముందు నిలబడి ఏ మసాలా లేకుండా చెప్పాను. రాణి లేదు, గుర్రం లేదు, కత్తి లేదు, అది నేను అల్లిన కథ. తోడింది రూతమ్మ, ఆమె బిడ్డ ఇక్కడే ఉంది. మా ఇల్లు ఆమె నీళ్లు తాగి బతికింది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి నేను అబద్ధమాడాను. ముందు ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. షామియానా మొత్తం నవ్వింది. "సారు కొత్త కథ మొదలువెట్టిండు!" అని ఎవరో అరిచారు. నేను గొంతు పెంచినకొద్దీ చప్పట్లు ఎక్కువయ్యాయి. నా కళ్లలో నీళ్లు చూసి ముందు వరసలో ఒకాయన ‘ఏం యాక్టింగు!’ అన్నట్టు తల ఊపాడు. చివరికి ఆ కుర్ర నాయకుడు వినయంగా నా చేతిలోంచి మైకు తీసుకుని, పాత పుస్తకం తెరిచి, రాణి కథ చదివి, చెప్పినవారు అని నా పేరు చదివాడు. "సారు మస్తు ఆటవట్టిస్తరు. కని పుస్తకం అబద్ధమాడది గదా" అన్నాడు. నాకు వ్యతిరేకంగా సాక్ష్యం నేనే. నన్ను నమ్మినవాళ్లంతా అప్పటి నన్ను నమ్మారు, ఇప్పటి నన్ను కాదు. అచ్చయిందే నిజమైతే, ఇప్పుడు ఇది కూడా అచ్చులోనే పెడుతున్నాను. ఎవరు నమ్ముతారో నాకు తెలియదు.

భోజనాల హడావుడిలో మేరక్క కనబడలేదు. వంతెన మీదనుంచి చూస్తే కింద వాగులో ఉంది. వాగు అనడానికి ఇప్పుడక్కడ ఏమీ లేదు. ఇసుకంతా ట్రాక్టర్ల మీద ఇళ్ల కిందికి పోయింది, మా హనుమకొండ ఇంటి గోడల్లోకి కూడా పోయే ఉంటుంది. బండలు పైకి తేలి, వంతెన స్తంభం చాటున మంచం పట్టేంత ఇసుక మిగిలింది. మేరక్క చెప్పులు విడిచి, ఆ మంచమంత ఇసుక మీదనే ఉత్త కాళ్లతో ముందుకూ వెనక్కూ నడుస్తోంది. ఒకచోట ఆగి బొటనవేలితో గీత గీసింది. కూచుని రెండు చేతులతో తోడడం మొదలుపెట్టింది. నేను దిగి, చొక్కా చేతులు మడిచి పక్కన కూచోబోయాను.

"నువ్వు ఒడ్డునుండు తమ్మీ" అంది తల ఎత్తకుండా.

ఒడ్డున నిలబడ్డాను. భోజనం అయిపోయిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వంతెన మీదనుంచి తొంగి చూశారు. ఒక ముసలామె మెల్లగా దిగి నా పక్కన వచ్చి నిలబడింది. చాలాసేపటికి అడుగున చెమ్మ కనబడింది. చెమ్మ చుక్కలైంది. మేరక్క మోచేతుల దాకా ఇసుక. సంచిలోంచి బుర్ర తీసి, ఒకటి, రెండు, మూడు, ఇసుకకే పోసింది. ఆగింది. తేటపడ్డాక నాలుగోది ముంచింది. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు కదిలిందో ఏమో, ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె తాపీగా, ఒక్కొక్క గుక్కే తాగింది.

అప్పుడు అడగాల్సిన మాట గుర్తొచ్చింది. ఆ ముసలామె వినేటట్టు, వంతెన మీదివాళ్లు కూడా వినేటట్టు, గట్టిగా అడిగాను.

"ఎవరి చెలిమె అక్కా?"

"మేరి చెలిమె."

"రూతమ్మ చెలిమె అనక్కా" అన్నాను. నా గొంతు నాకే బతిమాలినట్టు వినబడింది.

"ఎట్లంట? తోడింది నేను గదా. తోడినోళ్ల పేరే చెప్పాలె." బుర్రను మళ్లీ ముంచి నాకందించింది. "అవ్వ తోడిన్నాడు అడగకపోతివి."

దోసిలి పట్టాను. ఆమె పైనుంచి పోయలేదు, బుర్రే నా చేతిలో పెట్టింది. తాగాను. నా మీద ఆమె చూపు, పక్కన ముసలామె చూపు.

"ఎట్లున్నయి?"

నలభై ఏళ్లుగా ఒక్క ఎద్దును రెండు ఎద్దులు చేసిన నాలుక నాది. అమృతమనే మాట అప్పటికే దాని కొస మీదికొచ్చి కూచుంది. మింగాను.

"ఉప్పగున్నయక్కా. జర డీజిల్ వాసనొస్తాంది."

"ఆఁ" అంది మేరక్క, బుర్ర తీసుకుని కొంగుతో తుడుస్తూ. "గట్ల చెప్పు."